బద్ధకమా? జబ్బా?

అలసటకు తెలుగులో వున్నన్ని మాటలు మరి దేనికీ లేవేమో ననిపిస్తుంది. అలసట, సొలసట, బడలిక, నీరసం, నిస్సత్తువ, నిస్త్రాణ, ఆయాసం, శోష! తెలుగు పాఠం చెప్పుకు బతికేదాన్ని గనక ఇలాంటి మాటల్ని పక్కపక్కన పెట్టి చూడటం నాకొక సరదా. పని చేస్తే వచ్చేది అలసట. రాత్రంతా రైల్లో కూచుని వస్తే బడలిక. మెట్లెక్కితే ఆయాసం. ఇవన్నీ కాసేపు నడుం వాలిస్తే పోతాయి. కాని, ఏ పనీ చెయ్యకుండానే, తెల్లవారి పక్క మీంచి లేస్తూనే ఒంట్లో శక్తి లేనట్టుంటుందే, అది నిస్సత్తువ. అది పడుకున్నా పోదు, కాఫీ తాగినా పోదు, పదిరోజులు పుట్టింట్లో వుండి వచ్చినా పోదు.

ఇన్ని మాటలుండీ ఏం లాభం? ఇంట్లో ఆడపిల్ల మధ్యాహ్నం రెండింటికి కాస్త కునుకు తీస్తే అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: "బద్ధకం". కోడలైతే "పనిదొంగ". నలభై దాటిన ఇల్లాలైతే "ఆవిడకెప్పుడూ ఏదో ఒకటి". ఈ బిరుదులు ఇచ్చేముందు ఒక చిన్న రక్తపరీక్ష చేయించి వుంటే ఎంతమంది మీది నింద తొలగిపోయేదో కదా!

నాకు వచ్చే ఉత్తరాల్లో ఒక చిత్రం గమనించాను. ఉత్తరం నిండా నీరసం గురించే వుంటుంది. ఇంటిపని చేసుకోలేకపోతున్నాననీ, జుట్టు వూడిపోతోందనీ, ఊరికే ఏడుపు వస్తోందనీ, ఏ టానిక్కు తాగమంటారనీ అడుగుతారు. సంతకం కూడా అయిపోయాక, కాగితం అడుగున, చీమతలకాయలంత అక్షరాలతో "తా.క." అని పెట్టి, "నెలసరి కూడా సరిగా రావటం లేదు, దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి" అని రాస్తారు. సంబంధం లేదనుకోవటమే చిక్కు. చాలాసార్లు ఆ తాజా కలంలోనే అసలు ఉత్తరం వుంటుంది.

దానికీ దీనికీ మధ్య వున్న ఆ బంధుత్వం పేరే హార్మోను.

మన ఒంట్లో కొన్ని గ్రంథులున్నాయి. లాలాజల గ్రంథికి గొట్టం వుంది. అది తన రసాన్ని నోట్లోకి పంపుతుంది. మరికొన్నిటికి గొట్టాలు లేవు. అవి తమ రసాన్ని తిన్నగా నెత్తుట్లోకే వదులుతాయి. అంచేతనే మన వాళ్ళు వాటిని వినాళ గ్రంథులన్నారు. ఆ రసాలు నెత్తురుతో పాటు ఒళ్ళంతా తిరిగి, ఏ అవయవానికి ఏ కబురు చెప్పాలో ఆ కబురు చెబుతాయి. 1902లో ఇంగ్లండులో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇలాంటి కబురొకటి పేగుల్లోంచి క్లోమానికి వెళుతోందని కనిపెట్టారు. 1905లో స్టార్లింగే వీటికి హార్మోన్లు అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో "కదిలించేది, పురికొల్పేది" అనే అర్థం వచ్చే ధాతువులోంచి పుట్టింది ఆ మాట. నీరసం అనే మన మాటలో "రసం లేకపోవటం" అనే అర్థం వుంది. ఆ మాట పుట్టించిన వాళ్ళకు హార్మోన్ల సంగతి తెలియకపోయినా, మాట మాత్రం భేషుగ్గా అతికింది.

ఇక్కడొక హెచ్చరిక చెయ్యాలి. ఈ మధ్య "హార్మోన్ల తేడా" అనేది ఒక జబ్బు పేరులా చలామణీ అవుతోంది. అది జబ్బు పేరు కాదు. "ఇంట్లో తగాదా" అంటే ఎవరికీ ఎవరికీ అని అడగమూ? అలాగే హార్మోన్ల తేడా అన్నప్పుడు ఏ హార్మోను, ఎక్కువా, తక్కువా, ఎందుచేత అని అడిగి తీరాలి. జవాబు దొరికేదాకా వైద్యం మొదలైనట్టు కాదు.

అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది థైరాయిడ్ గ్రంథిని. దీన్ని మన శాస్త్ర గ్రంథాల్లో అవటు గ్రంథి అన్నారు. గొంతు ముందు భాగంలో, సీతాకోకచిలుక రెక్కలు విప్పుకు కూచున్నట్టుంటుంది. "నాకు థైరాయిడ్ వుందండీ" అని చాలామంది దిగులుగా చెబుతారు. థైరాయిడ్ లేనివారెవరు? వుండటం జబ్బు కాదు. అది మందగించటమూ, అతిగా పనిచెయ్యటమూ జబ్బులు. ఆడవాళ్ళలో ఎక్కువగా చూసేది మందగించటమే.

ఈ గ్రంథి చేసే రసం పేరు థైరాక్సిన్. ఒంట్లో ప్రతి జీవకణమూ ఎంత చురుగ్గా పనిచెయ్యాలో చెప్పేది ఇదే. పొయ్యి మీద మంట పెంచే మర లాంటిది. మంట తగ్గితే వంట ఆగదు, కాని ఎంతకీ ఉడకదు. థైరాక్సిన్ తగ్గిన మనిషి పరిస్థితీ అంతే. గుండె మెల్లగా కొట్టుకుంటుంది. మలబద్ధకం చేస్తుంది. చర్మం పొడిబారుతుంది, జుట్టు రాలుతుంది, తెల్లవారేసరికి ముఖం ఉబ్బినట్టుంటుంది. అందరూ ఫాను వేసుకుంటే ఈవిడ దుప్పటి కప్పుకుంటుంది. తిండి పెరగకుండానే కొంచెం బరువు పెరుగుతుంది. మతిమరుపు, దిగులు, గొంతు బొంగురుపోవటం కూడా వున్నాయి. ఇవన్నీ ఒక్కరోజున వచ్చిపడవు. నెలల తరబడి ఒక్కొక్కటిగా, చప్పుడు చెయ్యకుండా వస్తాయి. అందుకే ఇంట్లో వాళ్ళు పోల్చుకోలేరు.

నెలసరికి దీనితో ఏం పని? మెదడు అడుగున పీయూష గ్రంథి అని బఠాణీగింజంత గ్రంథి ఒకటి వుంది. అది ఇంటికి పెద్దామె లాంటిది. థైరాయిడ్‌ను పనిచెయ్యమని పురమాయించేదీ అదే, అండాశయాలను పురమాయించేదీ అదే. దాని మీద మెదడులోంచి మరొకరి అజమాయిషీ వుంటుంది. థైరాయిడ్ మందగించినప్పుడు పైనుంచి కిందదాకా కేకలు మొదలవుతాయి. ఆ కేకల్లో ఒకటి పొరపాటున పాల హార్మోను ప్రొలాక్టిన్‌ను కూడా లేపవచ్చు. ప్రొలాక్టిన్ పెరిగితే అండం సకాలంలో విడుదల కాదు. అండం విడుదల కాకపోతే నెలసరి లెక్క తప్పుతుంది. ఒక్కోసారి రెండు మూడు నెలలు రాదు, వస్తే పదిరోజులు ఆగదు. ఎక్కువగా పోయిన నెత్తురుతో పాటు ఇనుమూ పోతుంది. అప్పుడు థైరాయిడ్ నీరసానికి రక్తహీనత నీరసం తోడవుతుంది.

మూడేళ్ళ కిందట మా కాలేజీలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె వుండేది. పద్యం చదివిందంటే పక్క క్లాసు వాళ్ళు కూడా పాఠం ఆపి వినేవారు. రెండో సంవత్సరం వచ్చేసరికి ఆ గొంతు బొంగురుపోయింది. జలుబు చేసిందనుకున్నాం. తరవాత క్లాసులో నిద్రపోవటం మొదలుపెట్టింది. వాళ్ళమ్మను పిలిపిస్తే ఆవిడ నా కన్న ముందు కూతుర్ని తిట్టింది: "రాత్రి పన్నెండింటి దాకా సెల్లు చూస్తే పగలు నిద్ర రాదూ?" అని. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. నేను నెలసరి సంగతి అడిగాను. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తల్లికి తెలియదు. కూతురు నాలుగు నెలలుగా చెప్పలేదు. చెబితే ఏమనుకుంటారో నని!

టి.ఎస్.హెచ్. పరీక్ష చేయిస్తే అరవై దాటి వుంది. నాలుగు దాటితేనే కాస్త ఆలోచించవలసిన సంఖ్య అది. మాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాలకే క్లాసులో కళ్ళు తెరిచి కూచుంది. నెలసరి దారిన పడటానికీ, గొంతు తిరిగి రావటానికీ మరి కొన్ని నెలలు పట్టింది. సెల్లు మాత్రం ఇప్పటికీ చూస్తూనే వుందని వాళ్ళమ్మ ఫిర్యాదు.

ఈ టి.ఎస్.హెచ్. అనేదాన్ని గురించి చాలామందికి ఒక తికమక వుంది. కాగితం మీద అంకె ఎక్కువ వుంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందనుకుంటారు. సంగతి తలకిందులు. టి.ఎస్.హెచ్. థైరాయిడ్ రసం కాదు. థైరాయిడ్‌ను అదిలించే పీయూష గ్రంథి రసం. వంటమనిషి చురుగ్గా వుంటే పెద్దామె గొంతెత్తదు. వంటమనిషి కదలకపోతేనే కేకలు వీధిలోకి వినిపిస్తాయి. కేక ఎంత పెద్దదైతే గ్రంథి అంత మందగించిందన్న మాట. సాధారణంగా 0.4 నుంచి 4 దాకా మామూలు లెక్క. లేబొరేటరీని బట్టీ, వయసును బట్టీ, గర్భవతులకైతే నెలను బట్టీ ఇది కొంచెం మారుతుంది. జుట్టుకోసం బయోటిన్ బిళ్ళలు వేసుకునేవారు ఆ మాట ముందుగానే చెప్పాలి. అవి ఈ పరీక్షల అంకెల్ని తప్పుదారి పట్టించగలవు.

ఈ జబ్బు కొత్తదేం కాదు. ఆడవాళ్ళు ముఖం ఉబ్బి, మాట మందగించి, చలికి వణుకుతూ మూలపడిపోవటాన్ని 1873లోనే విలియం గల్ అనే ఇంగ్లీషు వైద్యుడు వర్ణించి రాశాడు. 1891లో జార్జి మరే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని అలాంటి రోగి ఒకామెకు సూదిమందుగా ఇచ్చాడు. అప్పటికి ఆమెకు 46 ఏళ్ళు. ఆమె ఆ వైద్యంతో 1919 దాకా, అంటే మరి 28 ఏళ్ళు బతికింది. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. 1927లో హేరింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఇవాళ తెల్లవారి మనం మింగే చిన్న బిళ్ళ వెనక ఇంత కథ వుంది. 1912లో జపాను దేశపు హషిమోటో నలుగురు రోగుల గ్రంథుల్ని పరీక్షించి, వాటిలో వాపు ఒక ప్రత్యేకమైన తీరులో వుందని రాశాడు. నలుగురూ ఆడవాళ్ళే. ఒంటిని కాపాడవలసిన రక్షణ శక్తే దారి తప్పి తన గ్రంథి మీద తనే దాడి చేస్తుందని తరవాత, 1956లో, తేలింది. థైరాయిడ్ మందగించటానికి నేడు ముఖ్యకారణాల్లో ఇదొకటి. మగవాళ్ళకన్న ఆడవాళ్ళకు ఇది ఎన్నోరెట్లు ఎక్కువ.

రెండో కారణం అయొడిన్ లోపం. ఈ కథలో మన తెలుగువాడొకాయన వున్నారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుకున్న డాక్టరు వులిమిరి రామలింగస్వామి గారు. హిమాలయాల అడుగున కాంగ్రా లోయలో గొంతువాపు రోగం ఇంటింటా వుండేది. 1956లో ఆయన, ఆయన సహచరులూ ఆ లోయను మూడు భాగాలు చేసి, రెండిటికి అయొడిన్ కలిపిన ఉప్పూ, ఒకదానికి మామూలు ఉప్పూ పంపే ఏర్పాటు చేశారు. అయిదారేళ్ళు గడిచేసరికి అయొడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా గొంతువాపు బాగా తగ్గింది. మూడో చోట తగ్గలేదు. తరవాత అక్కడికీ అదే ఉప్పు పంపారు. 1962లో ప్రభుత్వం జాతీయ గొంతువాపు నివారణ పథకం ప్రారంభించింది. మన వంటింటి ఉప్పుడబ్బా వెనక ఒక శ్రీకాకుళం వారి కృషి వుందని ఎంతమందికి తెలుసు?

పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ చాలు. అది జన్మకంతా కలిపి చెంచాడు కూడా కాదు. కాని రోజూ అందాలి. "మాది సముద్రతీరం, మాకు లోపం వుండదు" అనుకోకండి. సముద్రం నీటితో చేసిన ఉప్పులో కూడా, విడిగా కలిపితే తప్ప, చాలినంత అయొడిన్ వుండదు. ఈమధ్య సైంధవ లవణం మీద మోజు పెరిగింది. అది తినేవారు పొట్లం మీద అయొడిన్ కలిపినట్టు వుందో లేదో చూసుకోవాలి. ఉప్పుడబ్బాకు మూతపెట్టి పొయ్యి సెగకూ తడికీ దూరంగా వుంచండి. అయొడిన్ మంచిదన్నారు గదా అని ఉప్పు ఎక్కువ తినడమూ, అయొడిన్ మందులు సొంతంగా వేసుకోవటమూ పనికిరావు. ఇక కాబేజీ మానేయాలా అని అడుగుతారు. వండుకుని మామూలుగా తినే కూరకు భయపడనక్కరలేదు.

థైరాయిడ్ తరవాత చెప్పవలసింది అండాశయాల సంగతి. "నీటిబుడగలు" అని జనం అనేదీ, పి.సి.ఓ.ఎస్. అని డాక్టర్లు రాసేదీ ఇదే. 1935లో షికాగోలో స్టీన్, లెవెంతాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలను పరీక్షించి దీని గురించి రాశారు. పేరు విని భయపడేవాళ్ళే ఎక్కువ. అవి నిజంగా కణుతులు కావు, కోసి తీసేయవలసినవీ కావు. పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండపు తిత్తులు. నెలసరి నెలన్నరకో, రెండు మూడు నెలలకో రావటం, గడ్డం మీదా పై పెదవి మీదా వెంట్రుకలు, వయసు మళ్ళినా పోని మొటిమలు, మెడ చుట్టూ మురికిలా కనిపించే నల్లదనం, ఇవి దీని గుర్తులు. ఆ నల్లదనాన్ని నలుగు పెట్టి తోమి తోమి పుండు చేసుకున్న పిల్లల్ని ఎరుగుదును. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ వుండవలసిన దానికన్న ఎక్కువ వుందని చర్మం చెప్పే సాక్ష్యం. ఇన్సులిన్ ఎక్కువైతే అండాశయం మగ హార్మోన్లను ఎక్కువ చేస్తుంది. అవి అండాన్ని ఎదగనివ్వవు. భోజనం కాగానే కళ్ళు మూతపడే మగత కూడా కొందరిలో వుంటుంది.

బరువు ఎక్కువ వున్నవాళ్ళు నూటికి అయిదు నుంచి పది పాళ్ళు తగ్గించుకున్నా, చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. డెబ్భై కిలోల మనిషికి అది మూడున్నర నుంచి ఏడు కిలోలే. సన్నంగా వున్నవాళ్ళకూ ఈ జబ్బు వుండవచ్చు గనక, "నువ్వు లావుగా లేవుగా" అని పంపించేస్తే వూరుకోకండి. మూడు నెలలు దాటి నెలసరి రాకపోతే "పీడ వదిలింది" అనుకోవద్దు. గర్భాశయం లోపలి పొర రాలకుండా మందంగా పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా వదిలేస్తే అది కాన్సరుకు దారితీసే ప్రమాదం వుంది.

మరికొన్ని కారణాలు కూడా వున్నాయి. నెల తప్పిన పెళ్ళయిన స్త్రీ ఎవరైనా సరే ముందు గర్భం సంగతి తేల్చుకోవాలి. పరీక్షల బెంగతోనో, సన్నబడాలనో తిండి మానేసిన పిల్లలకు మెదడే నెలసరిని ఆపేస్తుంది; "ఇంట్లో కరువుగా వుంది, చుట్టాల్ని పిలవకు" అన్నట్టు. బాలింత కాకుండానే పాలు వస్తున్నా, తలనొప్పితో చూపు పక్కలకు తగ్గుతున్నా పీయూష గ్రంథిని పరీక్షించాలి. కాన్పులో విపరీతంగా నెత్తురు పోయి, తరవాత పాలు పడక, నెలసరి మళ్ళీ మొదలు కాక, ఏళ్ళ తరబడి శోష వస్తూ బతికే తల్లులున్నారు. వాళ్ళ నీరసాన్ని "బాలింత నీరసం" అని వదిలేస్తారు. నెత్తురందక పీయూష గ్రంథే దెబ్బతిన్న జబ్బు అది; 1937లో షీహాన్ అనే వైద్యుడు వివరించాడు. దానికి వైద్యం వుంది. నలభై దాటినవాళ్ళకు నెలసరి ఆగిపోయే ముందు లెక్క తప్పటం సహజమే. కాని, పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

అన్నిటికీ హార్మోన్ల మీదే నేరం మోపకూడదు కూడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మనదేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నట్టు తేలింది. గర్భవతి కాని స్త్రీకి హీమోగ్లోబిన్ 12 గ్రాములైనా వుండాలి. కాబట్టి నిస్సత్తువగా వున్న స్త్రీ చేయించుకోవలసిన మొదటి పరీక్షలు పెద్ద ఖర్చువి కావు: హీమోగ్లోబిన్, టి.ఎస్.హెచ్., రక్తంలో చక్కెర. మిగిలినవి అవసరాన్ని బట్టి డాక్టరు చెబుతారు.

మా చిన్నతనంలో ఆడవాళ్ళు ఆ మూడు రోజులూ విడిగా కూచునేవారు. "కాకి ముట్టుకుంది" అని పిల్లలకు చెప్పేవారు. అత్తగారికీ, ఎదురింటివారికీ, చాకలికీ, ఆఖరికి పాలవాడికీ ఇంటికోడలి తేదీలు తెలిసేవి. ఆ పద్ధతి పోయింది, పోవలసిందే పోయింది. కాని దానితోపాటు లెక్క కూడా పోయింది. ఇప్పుడు ఎవరికీ తెలియదు, చివరికి ఆమెకూ తెలియదు. డాక్టరు "కిందటిసారి ఎప్పుడు?" అని అడిగితే "సంక్రాంతి అయిన తరవాత అనుకుంటానండీ" అంటుంది. దయచేసి గోడమీద కాలెండరులో ఒక చుక్క పెట్టండి. సెల్లులో రాసుకున్నా సరే. పెద్దవాళ్ళకు ఒక నెలసరి మొదటి రోజు నుంచి తరవాతి నెలసరి మొదటి రోజుకు 21 నుంచి 35 రోజులు మామూలు. పెద్దమనిషైన మొదటి రెండు మూడేళ్ళలో పిల్లలకు 45 దాకా వుండవచ్చు. వారం దాటి ఆగకపోయినా, గంటగంటకూ గుడ్డ మార్చవలసి వచ్చినా అది మామూలు కాదు.

నోములనీ, పెళ్ళిళ్ళనీ, తిరుపతి ప్రయాణమనీ నెలసరి వాయిదా మాత్రలు మందుల షాపులో అడిగి కొనుక్కుంటున్నారు. అవీ హార్మోన్లే. ఎప్పుడో ఒకసారి, డాక్టరును అడిగి వేసుకోవటం వేరు. ఏడాదికి నాలుగుసార్లు, పక్కింటావిడ సలహా మీద వేసుకుని, ఆ తరవాత "నాకు లెక్క తప్పుతోంది" అంటే తప్పించిందెవరు?

ఇక థైరాయిడ్ మాత్ర సంగతి. దాన్ని తెల్లవారి పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. అరగంట, వీలైతే గంట ఆగి, అప్పుడు కాఫీ. మన తెలుగిళ్ళల్లో అన్నిటికన్నా కష్టమైన పథ్యం ఇదేనని నాకు తెలుసు! ఇనుము, కాల్షియం బిళ్ళలు నాలుగు గంటలు ఎడం పెట్టి వేసుకోవాలి. కలిపి వేసుకుంటే మాత్ర ఒంటికి పట్టదు. మోతాదు మార్చిన ఆరు, ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష. బాగున్నాను గదా అని సొంతంగా మానకూడదు. సన్నబడతామని సొంతంగా ఎక్కువా వేసుకోకూడదు. గుండెదడ, ఎముకల బలహీనత వస్తాయి.

మాత్ర మానటానికి మనదేశంలో ఇంకొక కారణం వుంది. మా పద్యాల పిల్లకు ఆ మరుసటేడు సంబంధాలు మొదలుపెట్టారు. వాళ్ళమ్మ నాతో రహస్యంగా అంది: "మాత్ర సంగతి ఎక్కడా అనకండమ్మా. పెళ్ళయ్యేదాకా కొన్నాళ్ళు ఆపేయిస్తాను. పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయి." ఆవిడ చెడ్డమనిషి కాదు. భయపడిన మనిషి. నేను ఆవిడకు ఒక్క సంగతే చెప్పాను. కడుపులో బిడ్డకు మొదటి మూడు నెలలూ సొంత థైరాయిడ్ పనిచెయ్యదు. తల్లి రసంతోనే ఆ బిడ్డ మెదడు పెరగాలి. అందుకే గర్భం వచ్చిందని తెలియగానే చాలామందికి డాక్టర్లు మోతాదు పెంచుతారు కూడా. కొత్తకోడలు అత్తగారింట్లో మాత్ర దాచిపెట్టి, దాచటానికి వీలుకాక మానేస్తే నష్టం ఆమె ఒక్కతెకే కాదు.

ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. మొదట వచ్చిన సంబంధం వారికి ఆ పిల్లే స్వయంగా చెప్పింది. "తరవాత కబురు చేస్తాం" అన్నారు, చెయ్యలేదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరూ ఆ పిల్లతో సరిగా మాట్లాడలేదట. ఏడాది తిరిగాక మరొక సంబంధం వచ్చింది. వారితోనూ అలాగే చెప్పింది. పెళ్ళికొడుకు తల్లి నవ్వి, "పరగడుపున వేసుకునేదేగా? నేను పదేళ్ళుగా వేసుకుంటున్నాను. ఇద్దరికీ కలిపి ఒకే డబ్బాలో పెట్టుకుందాం" అన్నదట. అలాంటి అత్తగార్లు అన్ని ఇళ్ళల్లో వుండకపోవచ్చు. కాని, జబ్బు దాచితేనే నిలిచే సంబంధం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

"పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అనే మాట మన ఇళ్ళల్లోంచి పోవాలి. పెళ్ళి వల్ల ఇంటిపేరు మారుతుందేమో గాని టి.ఎస్.హెచ్. మారదు.

చివరగా, ఈ పేజీ తమకు కాదనుకుని కథల సీరియల్‌కు తిప్పేసే మగవారితో ఒక మాట. మీ భార్యో, కూతురో, చెల్లెలో "ఒంట్లో ఓపిక లేదు" అన్నప్పుడు "ఏం పని చేశావని?" అని అడగకండి. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడగండి. "మూడు వారాల పైనుంచి" అని జవాబు వస్తే, మర్నాడు పొద్దున్న మీ కాఫీ మీరే కలుపుకుని, ఆమెను పరీక్షకు తీసుకువెళ్ళండి. ఆడవాళ్ళకు నా మనవి కూడా ఒక్కటే. డాక్టరుకు చెప్పేటప్పుడైనా, నాకు ఉత్తరం రాసేటప్పుడైనా, నెలసరి సంగతి తా.క.లో రాయకండి. మొదటి వాక్యంలో రాయండి.